వసారాలో కూర్చున్నవాని వసంతం

పక్షులను చూడాలంటే అడవులు పట్టి తిరగాలి, గుట్టలెక్కాలి, వాగులు దాటాలి అనే అభిప్రాయం మన విద్యార్థులలో బలంగా నాటుకొని ఉన్నది. మన ప్రాంతంలో ఇది సహజమే. పక్కనే పాలేరు జలాశయం; తూర్పుగా పోతే కిన్నెరసాని, ఆపైన భద్రాచలం అడవులు. విహారయాత్ర అనగానే బస్సు అటే మళ్లుతుంది. అయితే ఆ బస్సు ఎక్కలేనివారి మాటేమిటి? ఊతకర్రలతో నడిచేవానికి, ప్రమాదంలో కాలు విరిగి కోలుకుంటున్నవానికి, నాలుగడుగులకే ఆయాసపడే అమ్మాయికి "మీరు విశ్రాంతి తీసుకోండి" అని ప్రేమగానే చెబుతాము. పసితనంలో పోలియో సోకి ఎడమకాలు చచ్చుబడినవాణ్ణి గనుక ఆ ప్రేమ రుచి నాకు తెలుసును.

మిత్రులారా, పిట్టలను చూడడానికి ముఖ్యంగా కావలసినది కదలకుండా కూర్చోగలగడం. ఆ విద్యలో మీకంటె మాకే అభ్యాసమెక్కువ! నడిచివచ్చే మనిషిని చూచి పిట్ట ఎగిరిపోతుంది. అరగంటసేపు ఒకేచోట కూర్చున్న మనిషిని మాత్రం అది చెట్టుమోడుగా జమకట్టి తన పని తాను చూసుకుంటుంది.

తిరుమలాయపాలెంలో మాఘమాసం వెళ్లిపోయే రోజులలో ఒక్క పెరడు చాలును. మామిడి పూతమీద తేనెటీగలు ముసురుతాయి. మునగపూల దగ్గరకు తేనెపిట్టలు వస్తాయి. మగపిట్ట ఎండలో నల్లగా, ఊదాగా తళతళలాడుతుంది. ఆడపిట్ట మాత్రం వెలిసిన పసుపు రంగు. ఎక్కడో కొమ్మ చివర కూర్చుని కంసాలిపిట్ట రేకు మీద సుత్తి వేసినట్లు "టుక్, టుక్" మంటుంది. దర్జీపిట్ట ఆకుల అంచులు చేర్చి సాలెపట్టుతోను, దూదిపోగులతోను కుట్టుకుంటుంది; పత్తి పండే మన సీమలో దానికి దూదికి కొదువేమున్నది? మన ఉర్దూ విద్యార్థులు హుద్‌హుద్ అని పిలిచే కుచ్చుతల పిట్ట పొడవాటి ముక్కుతో నేలను గుచ్చిగుచ్చి పురుగులను లాగుతుంది. 2014లో విశాఖపట్టణాన్ని అతలాకుతలం చేసిన తుపానుకు ఈ సాధుప్రాణి పేరే పెట్టారు, పాపం. ఇక కరివేపాకు చెట్టుమీద ఎండిన పిట్టరెట్ట వంటిది కనబడితే తుడిచివేయకండి. అది సీతాకోకచిలుక పిల్లపురుగు. పెరిగేకొద్దీ ఆకుపచ్చరంగుకు మారుతుంది. కుర్చీలో కూర్చున్నవాని కంటికి అది సరిగా ఎదురుగానే ఉంటుంది.

ఇది నడవలేనివారు తమకు తాము చెప్పుకునే ఓదార్పు అని ఎవరైనా అనవచ్చును. వారికి సలీం అలీని గుర్తుచేస్తాను. ఆయన 1931-32లో నిజాం సంస్థానమంతటా తిరిగి పక్షులను పరిశీలించిన మహా సంచారియే. కాని ఆయనకు తొలి ఖ్యాతి తెచ్చిన గిజిగాడి పరిశీలన 1930లో కిహీం గ్రామంలో, ఇంటి సమీపాననే జరిగింది. మగపిట్ట గూడు సగం అల్లుతుందనీ, ఆడపిట్ట వచ్చి చూచి మెచ్చితేనే దానిని పూర్తిచేస్తుందనీ, ఆపైన మరొక గూటికి పూనుకుంటుందనీ ఆయన గుడ్డచాటున కూర్చునే తెలుసుకున్నారు. నిచ్చెనమీద కూర్చున్నమాట నిజమే. నిచ్చెన మాకు పనికిరాదు, ఓపిక పనికివస్తుంది.

1998లో అమెరికాలో ఆరంభమైన పెరటి పక్షుల గణన 2013 నుండి ప్రపంచమంతటా, మన దేశంలో కూడా జరుగుతున్నది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట ఉండి, చూచిన పిట్టలను లెక్కవ్రాసి పంపితే చాలును. కళాశాలల ఆవరణలకు ప్రత్యేకంగా గణన కూడా ఉన్నది. మన కళాశాల ఇందులో ఎందుకు పాల్గొనరాదు?

కమిటీ పెద్దలకు నా విన్నపం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వెనుక వసారాకు నాలుగు మెట్లున్నవి. వాటి పక్కన చక్రాల కుర్చీ ఎక్కేటంత వాలుదారి కట్టించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఎలాగూ దానిని కోరుతున్నది. వేపచెట్టు నీడలో చేతులానే బల్ల ఒకటి, నీళ్లకు వెడల్పాటి మట్టిమూకుడు ఒకటి. మూకుడు నీళ్లు రోజూ మార్చే పని ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులకు అప్పగించవచ్చును. ప్రహరీ పక్కనున్న ఎండుకొమ్మను మాత్రం శుభ్రత పేరిట కొట్టించకండి. పాలపిట్ట, మన రాష్ట్రపక్షి, ఉదయం తొమ్మిదింటికి వచ్చి దానిమీదనే కూర్చుంటున్నది.