పసిబిడ్డకూ ఒక సీటు కావాలి

అమెరికాలో పుట్టిన మనవణ్నో మనవరాలినో ఎప్పుడెప్పుడు ఎత్తుకుందామా అని ఇక్కడి అమ్మమ్మలు, నానమ్మలు, తాతయ్యలు ఎదురుచూస్తుంటారు. బిడ్డ పాస్‌పోర్టు, వీసా లేదా ఓసీఐ కార్డు, డాక్టరు చెప్పిన టీకాలు అన్నీ ఒక్కొక్కటిగా సమకూర్చుకునే తల్లిదండ్రులు టికెట్ దగ్గరకు వచ్చేసరికి పెద్దగా ఆలోచించరు. రెండేళ్లు నిండని బిడ్డ ఒడిలోనే కదా కూర్చునేది! అంతర్జాతీయ ప్రయాణంలో పెద్దల ఛార్జీలో సుమారు పది శాతం కడితే సరిపోతుంది. అయితే ఆ డబ్బుకు వచ్చేది సీటు కాదు, విమానం ఎక్కే అనుమతి మాత్రమే. డాలస్ నుంచి హైదరాబాద్ వచ్చేవాళ్లు చాలామంది దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారతారు. ఒక్క డాలస్-దుబాయ్ ప్రయాణమే దాదాపు 15 గంటలు. అంతసేపు సొంత సీటు లేకుండా పెద్దవాళ్ల ఒడి మీదే ఆధారపడే ప్రయాణికులు ఆ విమానంలో చంటిపిల్లలే. వాళ్లకూ సొంత సీటు ఉండాలి, అది కొనగలిగే ధరకు దొరకాలి.

తల్లి ఒడిని మించిన రక్షణ లేదన్న మన నమ్మకం ఇంట్లో నిజమే. విమానం కుదుపులకు మాత్రం అది చాలదు. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ విమానం మయన్మార్ గగనతలంలో ఐదు సెకన్లలోపే ఎంతగా ఎగిరిపడిందంటే, బెల్టు పెట్టుకోనివాళ్లు సీట్లలోంచి పైకి లేచిపోయారు. ఒకరు మరణించారు, ఎందరో గాయపడ్డారు. పది కిలోల బిడ్డను అలాంటి క్షణంలో పట్టుకోవడం ప్రేమకు సంబంధించిన విషయం కాదు, కండబలానికీ మించినది. విమానం గోడకు తగిలించే బాసినెట్ తొట్టె ఉందిగా అనవచ్చు. అవి ఉండేదే కొన్ని. పైగా సీటు బెల్టు లైటు వెలగగానే బిడ్డను అందులోంచి తీసి ఒళ్లో పెట్టుకోమంటారు. అంటే అసలు అవసరమైన వేళకే అది పనికిరాదు. 1989 జులై 19న అమెరికాలోని సూ సిటీలో యునైటెడ్ 232 విమానం కూలినప్పుడు అందులో నలుగురు ఒడి పిల్లలున్నారు. వాళ్లను కాళ్ల దగ్గర నేలమీద పడుకోబెట్టి పట్టుకోమని సిబ్బంది చెప్పారు, అప్పటి పద్ధతి అదే. వారిలో ఒక బాబు దక్కలేదు. ఆ విమానంలో ప్రధాన అటెండెంటుగా ఉన్న జ్యాన్ బ్రౌన్ ఆ తర్వాత ఏళ్ల తరబడి పసిపిల్లల సీటు కోసం పోరాడారు. అమెరికా రవాణా భద్రతా మండలి కూడా అదే సిఫార్సు చేసింది.

అయినా అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఒప్పుకోలేదు. 2005లో అందుకు చెప్పిన కారణం తీసిపారేయదగ్గది కాదు: సీటు తప్పనిసరి చేస్తే ఖర్చుకు భయపడి కుటుంబాలు కార్లలో బయల్దేరతాయి, రోడ్డు ప్రమాదాల్లో అంతకంటే ఎక్కువ మంది పిల్లలు పోతారు. అమెరికాలో ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్లేవాళ్ల విషయంలో ఈ లెక్క సబబే కావచ్చు. డాలస్ నుంచి విజయవాడకు మాత్రం కారులో ఎవరూ రాలేరు. సముద్రాలు దాటే ప్రయాణాలకు ఈ వాదనే వర్తించదు. ఆ దూరాలకైనా వేరే నియమం ఎందుకు ఉండకూడదో ఎవరో ఒకరు చెప్పాలి. విమానాశ్రయానికి వెళ్లే అరగంట కారు ప్రయాణంలో బిడ్డకు కారు సీటు తప్పనిసరి చేసిన దేశమే అమెరికా. మన దేశంలోనూ నాలుగేళ్లలోపు పిల్లల్ని బైకుమీద తీసుకెళ్తే పట్టీ కట్టాలని 2022లో నిబంధన తెచ్చారు. అమలు సంగతి అటుంచండి, కనీసం ఆలోచనైనా ఉంది.

ఇక ఖర్చు. వీసా, టికెట్లు, సెలవులతో ఇప్పటికే కుదేలవుతున్న ఇంటిమీద మరో సీటు భారం వేస్తే, ప్రయాణమే వాయిదా పడుతుంది, తాతయ్య చూసుకోవాల్సిన మనవడు ఫోన్ తెరమీదే పెరుగుతాడు. ఈ అభ్యంతరం న్యాయమైనదే. అందుకే పూర్తి ధరకు సీటు తప్పనిసరి చేయమని అనడం లేదు. ముందు చేయాల్సింది పసిపిల్లల సీటుకు తక్కువ ధర నిర్ణయించడం, ఆ విమానంలో సీట్లు మిగిలితే కారు సీటు తెచ్చుకున్నవాళ్లకు అడక్కుండానే పక్క సీటు ఇవ్వడం. ఇప్పటి విధానానికి భద్రతతో సంబంధమే లేదనడానికి రెండో పుట్టినరోజే సాక్ష్యం. రాకకూ పోకకూ మధ్య బిడ్డకు రెండేళ్లు నిండితే, తిరుగు ప్రయాణానికి సీటు కొనాల్సిందేనని చాలా సంస్థలు అంటాయి. ఇండియాకు ఒళ్లో వచ్చిన బిడ్డకు నెల తిరిగేసరికి సొంత సీటు అవసరమైపోతుంది! ఛార్జీల పట్టికలో గీసిన గీత అది. దాన్ని మార్చమని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ భారత్‌కు విమానాలు నడిపే సంస్థలన్నిటినీ అడగవచ్చు. ఈ మార్గాల్లో టికెట్లు కొనేవాళ్లలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు కాబట్టి, అమెరికాలోని మన సంఘాలు సభల వేదికల మీద సన్మానాలకు కేటాయించే సమయంలో కొంత ఈ విషయానికీ కేటాయించవచ్చు.