కలివికోడికి కావలసింది చిట్టడవి

పక్షుల కోసం ఊళ్లు పట్టుకు తిరిగే ఔత్సాహికుల బృందం ఒకటి 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోని చిట్టడవిలో కలివికోడి కూతను రికార్డు చేసింది. పదిహేనేళ్లకు పైగా ఎవరికీ చిక్కని జాడ అది. ఈ పక్షి ఇప్పుడు మన రాష్ట్రంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఉన్నట్టు ఆధారం లేదు. అందుకే ఆ కూత ఎంత సంతోషం కలిగించిందో, అంత బాధ్యతనూ మన మీద పెట్టింది.

1848లో శాస్త్రలోకానికి పరిచయమైన కలివికోడి, 1900లో అనంతపురం దగ్గర కనిపించి మాయమైంది. అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధన. పక్షిని పట్టిచ్చింది మాత్రం స్థానిక వేటగాడే. చేతికి చిక్కిన ఆ పిట్ట ఎన్నాళ్లో బతకలేదు. కలివికోడి కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దాని ఆవాసం మీదుగా వెళ్లబోతే మార్గం మార్పించారు. ఒక పిట్ట కోసం కాలువ పక్కకు జరగడం మన దగ్గర చిన్న విషయం కాదు.

అయితే హద్దులు గీసినంత మాత్రాన కలివికోడి బతకదు. పగలంతా పొదల నీడలో దాక్కుని రాత్రి నేల మీద పరుగులు తీస్తూ పురుగులను ఏరుకు తినే పక్షి ఇది. కంటికి కనిపించదు కాబట్టి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మన్ను పరిచి, చదును చేసి, తెల్లవారాక పాదముద్రలు వెతికేవారు. ముందుకు మూడు వేళ్లు, వెనక వేలు లేదు. అదే గుర్తు.

దానికి దట్టమైన అడవీ పనికిరాదు, బయలు నేలా పనికిరాదు. కలివి వంటి ముళ్లపొదలు, వాటి మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేల ఉండాలి. మేకలు ఓ మోస్తరుగా మేసి, జనం కట్టెలు కొట్టుకునే చోట అలాంటి నేల మిగులుతుంది. మేత మరీ పెరిగితే పొదలు పోతాయి, పూర్తిగా ఆగితే అడవి కమ్ముకుంటుంది. రెవెన్యూ లెక్కల్లో ఈ నేల తరచూ బంజరే. జేసీబీ ఒక్క రోజు తిరిగితే చాలు, పొలమో తోటో అవుతుంది. కలివికోడికి అసలు ముప్పు ఇదే.

ఇక రేపు కెమెరాలతో వచ్చే వారి సంగతి. రికార్డు చేసిన కూతను స్పీకర్లో పదేపదే వినిపించి పక్షిని రప్పించడం, టార్చి కొట్టి వెంటపడటం అరుదైన పక్షుల విషయంలో ఎంతమాత్రం తగవు. చోటు పేరు సామాజిక మాధ్యమాల్లో పెట్టడం అంతకంటే ప్రమాదం. ఆ నేలను రోజూ చూసేది మేకల కాపరులు, కట్టెలకు వెళ్లే ఆడవాళ్లు. పక్షి యాత్రల డబ్బు ముందుగా చేరాల్సింది వారికి. అటవీ శాఖ వారినే కాపలాదారులుగా, మార్గదర్శులుగా తీసుకుని నెలనెలా జీతం ఇవ్వాలి. అభయారణ్యం బయట మిగిలిన ముళ్లపొదల నేలను బంజరు జాబితా నుంచి వెంటనే తప్పించాలి.