చిన్న చుక్కల లెక్క

తెలుగు రైతునకు మృగశిర, ఆరుద్ర అనునవి వానకార్తెలు. ఆ నక్షత్రముల చెంతనే మూడు చుక్కలు వరుసగా నుండును. వానికి దక్షిణముగా మసకవెలుగొకటి గలదు. మార్గశిర పుష్యమాసములలో వెన్నెల లేని రాత్రి, మధుర, కోయంబత్తూరు నగరముల దీపములకు దూరముగా నిలిచినవారికి అది వట్టికంటికే కానవచ్చును. అదియే ఓరయన్ నీహారిక. సుమారు 1,350 కాంతి సంవత్సరముల దూరముననున్న అణుమేఘమున అది నక్షత్రముల పురిటిల్లు.

చిన్న దూరదర్శినితో చూచువారి దృష్టి అందలి నాలుగు పెద్ద చుక్కలపైననే నిలుచును. వానిలో మిన్నయైనది సూర్యునికి ముప్పదిరెట్లకు పైబడిన బరువు గలది. కాని ఆ గుంపున రెండువేలకు మించి నక్షత్రములున్నవి. అందు మిక్కిలి భాగము సూర్యునికంటె చిన్నవి.

ఈ పంపకమునకు 1955లో ఎడ్విన్ సాల్పీటర్ ఒక సూత్రము కట్టెను. దాని ప్రకారము సూర్యునివంటివి ఇరువది పుట్టినచోట, పదింతల బరువు గలది ఇంచుమించు ఒక్కటియే పుట్టును. సూర్యునిలో సగమునకు దిగువ ఈ పెరుగుదల మందగించునని 2001లో పావెల్ క్రౌపా చూపెను. పుట్టుకల లెక్కకు పడుచు గుంపులే తగినవి. మనము పిల్లలకోడి యనెడి కృత్తికలకు దాదాపు పదికోట్ల యేండ్లు. అందలి మహాభార నక్షత్రములు ఏనాడో కాలిపోయినవి. పడుచు గుంపులయందు చిక్కు వేరు: ధూళి చిన్నవానిని కప్పివేయును. పరారుణ కాంతి ఆ ధూళిని దాటి రాగలదు. ఆ కాంతితో చూచు జేమ్స్ వెబ్ దూరదర్శిని, ఓరయన్‌లో బృహస్పతియంత స్వల్పభారము గల వస్తువులు వందలకొలది యుండవచ్చునని 2023లో సూచించెను.

అణుమేఘములన్నింటను పంపక మొక్కటే యని పలువురు పండితుల మతము. చిన్నవాని లెక్క తేలకమునుపే అట్లు నిశ్చయించుట మాకు తొందరపాటుగా తోచుచున్నది. ఎత్తైన వెన్నులనే చూచి పంటను మదింపు వేయు కమతగానిని మన ఊళ్లలో ఎవరును నమ్మరు గదా!

మన పాఠశాలలోను పెద్దచుక్కల పేర్లు వల్లించుటతో ఖగోళపాఠము ముగియుచున్నది. 1899 నాటి కొడైకానలు వేధశాల మన పొరుగుననే యున్నది. 1986లో ప్రారంభమైన పెద్ద దూరదర్శిని కావలూరులో గలదు. అచ్చటికి విహారయాత్ర మంచిదే. అయినను, ఏటేట పుష్యమాసమున ఒక రాత్రి విద్యార్థులను ఊరిబయటికి కొనిపోయి, పిల్లలకోడి చుక్కలను ముందు వట్టికంటితోను, పిదప బైనాక్యులరుతోను ఎవరికి వారే లెక్కింపజేయవలెనని మా కోరిక. ఆరేడు కన్పట్టినచోట పదులకొలది కన్పట్టును. ఆ రెండు సంఖ్యలను ప్రతివారును తెలుగున తమ నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. బైనాక్యులరొకటి దొరికిన చాలును.