జాబితాలో లేనివాడు ఎక్కడికి పోయాడు?

మా తాతకు చదువు రాదు. కాని లెక్క తప్పడు. బోధన్ దగ్గర మా ఊళ్ళో చెరకు తోటలు ఉన్న రోజుల్లో, ఫ్యాక్టరీ తూకం చిట్టీలన్నీ ఒక ఇనుప తీగకు గుచ్చి దూలానికి వేలాడదీసేవాడు. పట్టీ వచ్చిన రోజున ఆ తీగ దించి, చిట్టీలు ఒక్కొక్కటే నాతో చదివించేవాడు. నేను అప్పుడు మూడో తరగతి. అంతా విని, వేళ్ళ మీద బండ్లు లెక్కపెట్టుకుని, "ఒకటి తక్కువున్నది బిడ్డా, మల్ల చూడు" అనేవాడు. చూస్తే రెండు చిట్టీలు చెమ్మకు అంటుకుని ఉండేవి. చేతికి వచ్చిన కాగితాల లెక్క ఒకటి, తోలిన బండ్ల లెక్క ఒకటి. ఆ రెండూ కలిస్తేనే ఆయనకు నమ్మకం.

కిందటేడు ఒక కార్యాలయం గోడ మీద రైతుల జాబితా ఒకటి అంటించారు. అందులో మా ఇంటి పేరు లేదు. అడిగితే "కంప్యూటర్ల రాలే" అన్నారు. మా తాత కోపం చేయలేదు. నెమ్మదిగా ఒకటే మాట అడిగాడు: "భూమి ఉన్నది, పాసుబుక్కు ఉన్నది, మనిషిని నేనున్న. మరి నా పేరు ఏడికి పోయింది?" దానికి అక్కడ ఎవరి దగ్గరా జవాబు లేదు. నాలుగుసార్లు తిరిగాక తెలిసింది ఏమిటంటే, ఒక రికార్డులో తాత పేరు చివర 'రాం' అని సున్నతో ఉంది, మరొక రికార్డులో 'రామ్' అని పొల్లుతో ఉంది. ఒక్క సున్న మా ఇంటిని జాబితాలోంచి తుడిచేసింది!

మిత్రులారా, మన బి.ఎస్సీ. కంప్యూటర్ సైన్సు పాఠాల్లో రిలేషనల్ డేటాబేసు అనేది ఒక పేపరు. 'క్వెరీలలో సాధారణంగా వచ్చే పొరపాట్లు, వాటి పరిష్కారాలు' అని అందులో ఒక ప్రశ్న. పరీక్ష రాసి మరిచిపోయే విషయం అని నేనూ అనుకున్నాను. ఆ గోడ ముందు నిలబడ్డ రోజున అది మా ఇంటి విషయమని తెలిసింది. అందుకే పెద్దలు, అధ్యాపకులు చదివే ఈ సంచికలో సాహసించి నా అభిప్రాయం రాస్తున్నాను.

ముందు ఈ విద్య పుట్టుక గురించి రెండు మాటలు. 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ అనే గణితవేత్త ఒక వ్యాసం ప్రచురించాడు. సమాచారం యంత్రంలో ఏ మూల ఎలా దాచబడి ఉందో అడిగేవాడికి తెలియనక్కరలేదు, అంతా వరుసలు, గడులున్న పట్టికలుగా కనబడాలి, ఏం కావాలో చెబితే చాలు అన్నది దాని సారాంశం. 1974లో అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఆ పట్టికలను ప్రశ్నించడానికి ఒక భాష తయారుచేశారు. అదే నేటి ఎస్.క్యు.ఎల్. కాడ్‌కు 1981లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. ఎలా వెతకాలో చెప్పక్కరలేదు, ఏం కావాలో చెబితే చాలు అనడం గొప్ప సౌకర్యం. చిక్కు కూడా అక్కడే ఉంది. యంత్రం మనం అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. మనం అడగదలచుకున్న ప్రశ్న దానికి తెలియదు.

లాబులో మనకు ఉద్యోగులు, శాఖలు, జీతాలు అనే పట్టికలు ఇస్తారు. అవి మనం చూడని ఉద్యోగులు, ఎరుగని శాఖలు. తప్పు జవాబు వచ్చినా తప్పని మనకు తోచదు. కాబట్టి నేను మా తాత తీగ మీది లెక్కలాంటివే మూడు పట్టికలు సొంతంగా కల్పించుకున్నాను. మొదటిది రైతుల పట్టిక. రెండోది సర్వే నంబర్లు, ఎకరాలు, గుంటలు. మూడోది తూకం చిట్టీలు. ఈ మూడింటితో, అనుభవం లేనివాడు చేసే తప్పులన్నీ ఒక వారంలో చేసి చూశాను.

మొదటి తప్పు, పేరుతో కలపడం. రెండు పట్టికలను జాయిన్ చేస్తే, రెండింటిలోనూ సరిపోలిన వరుసలే వస్తాయి. సరిపోలనివి చప్పుడు లేకుండా రాలిపోతాయి. ఇది యంత్రం తప్పు కాదు, మామూలు జాయిన్ అర్థమే అది. కాని 'రాం', 'రామ్' యంత్రానికి ఇద్దరు మనుషులు. దీనికి తోడు ఊళ్ళో ఒకే పేరు గలవాళ్ళు ముగ్గురుంటే, ఒకరి చిట్టీ మిగతా ఇద్దరికీ అంటుకుంటుంది. దీనికి మందు రెండు విధాలు. కలిపేటప్పుడు పేరుతో కాక ఖాతా నంబరు వంటి మారని గుర్తుతో కలపాలి. మామూలు జాయిన్ బదులు లెఫ్ట్ జాయిన్ రాస్తే రైతులందరూ జాబితాలో ఉంటారు, సరిపోలనివారి పక్కన గడి ఖాళీగా కనబడుతుంది. అప్పుడు కనీసం ఎవరు రాలారో తెలుస్తుంది.

రెండో తప్పు, లెక్క ఉబ్బడం. ఒక రైతుకు మూడు సర్వే నంబర్లు, నాలుగు చిట్టీలు ఉన్నాయనుకుందాం. చిట్టీల మీద 12, 11, 13, 14 టన్నులు. మొత్తం 50. మూడు పట్టికలనూ ఒకేసారి కలిపి కూడితే నా కంప్యూటర్ 150 టన్నులని చూపింది. ఎందుకంటే ప్రతి చిట్టీ ప్రతి సర్వే నంబరుతోనూ జతకట్టి, నాలుగు వరుసలు పన్నెండయ్యాయి. ముందు చిట్టీలను రైతువారీగా గ్రూప్ బై తో కూడి, ఒక్క వరుస చేసి, ఆ తరువాత కలిపితే 50 వస్తుంది. మా తాత 150 వింటే నవ్వేవాడు, అన్ని బండ్లు తోలలేదని ఆయనకు తెలుసు. ఆ చేను చూడనివాడు 150 ని నమ్మి సంతకం పెడతాడు.

మూడో తప్పు, ఖాళీ గడిని సున్న అనుకోవడం. ఐదుగురు రైతుల్లో నలుగురి దిగుబడి ఎకరాకు 40, 50, 30, 40 టన్నులు. ఐదోవాడి తోట ఇంకా తూకానికి రాలేదు, గడి ఖాళీ. ఆ ఖాళీని 'నల్' అంటారు. సగటు అడిగితే యంత్రం నలుగురినే లెక్కపెట్టి 40 అంటుంది. ఖాళీని సున్నగా రాసి అడిగితే 32 అంటుంది. తూకం కాకపోవడం వేరు, పంట ఎండిపోయి ఏమీ రాకపోవడం వేరు. ఏది నిజమో తోటకు వెళ్ళి చూసినవాడు చెప్పాలి, యంత్రం చెప్పలేదు.

ఈ నల్ ఇంకో చోట మరీ మోసం చేస్తుంది. 'ఇంతవరకు చెరకు తోలని రైతులెవరు?' అని అడగడానికి, చిట్టీలలో ఖాతా నంబరు లేనివాళ్ళను చూపమని 'నాట్ ఇన్' తో రాశాను. ఒక్క పేరూ రాలేదు. అందరూ తోలేశారని సంతోషించబోయాను. తీరా చూస్తే ఒక చిట్టీ మీద ఖాతా నంబరు రాయడం మరిచాను. ఆ ఖాళీ ఎవరిదో తెలియదు గనుక, ఫలానావాడు తోలలేదని యంత్రం నిశ్చయంగా చెప్పలేదు. చెప్పలేనివాళ్ళందరినీ వదిలేసింది. ఒక్క ఖాళీ గడి జాబితా మొత్తాన్ని మింగేసింది! 'నాట్ ఎగ్జిస్ట్స్' తో రాశాక అసలు పేర్లు బయటపడ్డాయి.

నాలుగో తప్పు వరుస క్రమానిది. కాడ్ సిద్ధాంతంలో పట్టికలోని వరుసలకు ముందు వెనుకలు లేవు. 'ఆర్డర్ బై' అని అడగకపోతే ఏ వరుస ముందు వస్తుందో హామీ లేదు. అడిగినా, తేదీని తేదీగా కాక అక్షరాలుగా నింపితే మార్చి రెండో తేదీ, అంటే 02-03, జనవరి పదిహేను కన్నా, అంటే 15-01 కన్నా ముందు వస్తుంది. చెరకు రైతుకు ఈ క్రమం విలువ చెప్పనక్కరలేదు. ముందు నాటినవాడికి ముందు కోత ఆర్డరు రావాలి. ముదిరిన తోట నిలబడితే బరువు, తీపి రెండూ తగ్గుతాయి. కోసిన గడ ఎండలో పడి ఉంటే ఇంకా త్వరగా తగ్గుతాయి. గడిలో తేదీ నింపిన తీరు రైతు ఇంట్లో రూపాయిల తేడా అవుతుంది.

ఇవన్నీ ప్రశ్న రాసేవాడి తప్పులు. వీటికన్నా పెద్దది పట్టిక గీసేవాడిది. లేని కాలమ్‌ను ఏ క్వెరీతోనూ అడగలేము. మన పాత పహాణీలో పట్టాదారుకు ఒక గడి, సాగులో ఉన్న అనుభవదారుకు ఒక గడి ఉండేవి. 2020 అక్టోబరు 29న మొదలైన ధరణిలో అనుభవదారు గడి లేదు. అంతకు ముందు 2018లో రైతుబంధు ఎకరాకు, పంటకు 4000 రూపాయల చొప్పున పట్టాదారులకు ఇచ్చినప్పుడే కౌలురైతు ఆ లెక్కలోకి రాలేదు. అది ప్రభుత్వ విధానం, మంచిచెడ్డలు పెద్దలు చర్చించుకోవచ్చు. నేను చెప్పేది ఒక్కటే. గడి లేనప్పుడు 'మన మండలంలో కౌలుదారులెందరు?' అన్న ప్రశ్నకే చోటు ఉండదు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పేరు మారినంత సులభంగా గడుల వెనుక ఉన్న పాత పొరపాట్లు మారవు. వాటిని ఒక్కొక్క సర్వే నంబరుగా, చేను గట్టు మీద నిలబడే దిద్దాలి.

కొందరు మిత్రులు నాతో వాదించారు. "పట్వారీ దస్తరం కన్నా ఇది నయం కాదా? కంప్యూటర్‌కు నావాడు, నీవాడు లేడు కదా" అన్నారు. ఒప్పుకుంటాను. దస్తరం మోసినవాడి దయ మీద ఊరు బతికిన రోజులు మా తాతకు బాగా గుర్తు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ పదవులు రద్దు చేసినప్పుడు సంతోషించినవాళ్ళలో ఆయన ఒకడు. ఆ రోజులు మళ్ళీ రావాలని ఎవరు కోరతారు? అయినా ఒక మాట. పట్వారీ పేరు కొట్టేస్తే కొట్టినవాడు ఎదురుగా ఉండేవాడు, అడగడానికో తిట్టడానికో మనిషి ఉండేవాడు. జాయిన్‌లో పేరు రాలిపోతే ఎవరూ కొట్టలేదు, ఎవరూ చూడలేదు, రాలిందని రాసినవాడికే తెలియదు. పక్షపాతం లేకపోతే చాలదు, జవాబుదారీ కూడా ఉండాలి.

మరొక మిత్రుడు, "ఉద్యోగం రావడానికి కావలసినంత నేర్చుకుంటే చాలదా?" అన్నాడు. రేపు ఆ ఉద్యోగంలో కూర్చునేది మనమే. గోడ మీద అంటించే జాబితా మన క్వెరీలోంచే వస్తుంది. ఆ గోడ ముందు నిలబడేది మన ఇంటివాళ్ళే.

కాబట్టి నా కోరికలు రెండు. ఒకటి మన కళాశాలకు. ప్రాక్టికల్స్‌లో చూడని ఉద్యోగుల పట్టికల బదులు మన జిల్లా లెక్కలు పెట్టండి. పసుపు మార్కెట్ యార్డు బస్తాలు, నిజాంసాగర్ కాల్వ కింది ఆయకట్టు, వడ్ల కొనుగోలు చిట్టీలు ఏవైనా సరే. అసలు పేర్లు అక్కరలేదు, కల్పించిన పేర్లు చాలు. రైతుబిడ్డకు జవాబు చూడగానే తప్పు తడుతుంది. ఆ తట్టడమే అసలు చదువు.

రెండోది జాబితాలు తయారుచేసే అందరికీ. ఏ జాబితా అంటించినా దాని పక్కన ఇంకొకటి అంటించండి. మొదటిది వచ్చినవాళ్ళది, రెండోది రానివాళ్ళది, ఎందుకు రాలేదో ఒక్క ముక్కతో. పేరు కలవలేదు, గడి ఖాళీ, ఖాతా లేదు అని రాస్తే చాలు. మూల పట్టికలో ఎన్ని వరుసలు, జాబితాలో ఎన్ని, రాలినవి ఎన్ని అన్నది కింద వేయండి. ఎస్.క్యు.ఎల్. లో ఇది ఐదు నిమిషాల పని. రైతుకు నాలుగు తిరుగుళ్ళు, నాలుగు రోజుల కూలి తప్పుతాయి.

1937లో శక్కర్‌నగర్‌లో నెలకొన్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. మా తోటల్లో ఇప్పుడు వరి. తూకం చిట్టీలు రావు, కాని ఆ తీగ ఇంకా దూలానికే ఉంది. మొన్న సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు నా నోటుబుక్కులోని లెఫ్ట్ జాయిన్ తాతకు తెలుగులో వివరించాను. అందరినీ రాసుకోవాలి, ఎవరికి చిట్టీ లేదో వాళ్ళ పక్కన ఖాళీ వదలాలి అన్నాను. ఆయన విని, "గంతే గదా, నేను జేసింది గదే" అన్నాడు. తరువాత కాసేపు ఆగి, "మరి గా ఆఫీసోళ్ళకు ఎవలు నేర్పలేదా?" అని అడిగాడు.

నేర్పవలసినవాళ్ళం మనమే, మిత్రులారా.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి