చట్టానికీ దుకాణానికీ నడుమ

భారత సాఫ్ట్‌వేర్ ప్రతిభ అనగానే విదేశాలకు సేవలందించే మహాసంస్థలే స్ఫురిస్తాయి. స్వదేశీ వర్తకుని గల్లాపెట్టె పక్కన నిత్యం పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు అంతటి కీర్తి దక్కలేదు. దానిని రూపొందించినవారిలో కుటుంబ సంస్థలు అనేకం.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ ట్యాలీ. మిల్లులకు ముడిసరుకులు, యంత్రాల విడిభాగాలు సరఫరా చేసే శ్యాంసుందర్ గోయెంకా తన పద్దులకు అనువైన సాఫ్ట్‌వేర్ బజారులో లభించకపోవడంతో, గణితశాస్త్ర పట్టభద్రుడైన కుమారుడు భరత్‌కు ఆ పని అప్పగించారు. 1986లో బెంగుళూరు కేంద్రంగా ఆ తండ్రీకొడుకులు ప్రారంభించిన సంస్థ బాధ్యతలు నేడు మూడవ తరానికి చేరాయి. భరత్ గోయెంకాకు 2020లో కేంద్రం పద్మశ్రీ ప్రకటించింది. కంప్యూటర్ నేర్చినవారికి కాక, పద్దులు తెలిసినవారికి సుబోధకంగా ఉండటమే ఆ విజయానికి మూలం.

అయితే అన్ని వ్యాపారాలకూ ఒకే తరహా పద్దు చాలదు. మందుల వ్యాపారాన్నే తీసుకుంటే, ఒకే మాత్రకు వేర్వేరు బ్యాచ్ నంబర్లు, వేర్వేరు గడువు తేదీలు ఉంటాయి. గడువు తీరనున్న సరుకును వేరుచేసి వెనక్కు పంపాలి. పదింటికి ఒకటి ఉచితమనే స్కీములను లెక్కకట్టాలి. హెచ్1 జాబితాలోని మందులకైతే 2014 నుంచి రోగి పేరు, వైద్యుని వివరాలతో ప్రత్యేక రిజిస్టరు తప్పనిసరి. ఈ చిక్కులను ఎరిగి, దుకాణదారు పిలిచిన వెంటనే పలికే చిన్న సంస్థలకే ఈ రంగంలో ఆదరణ ఉండటం సహజం.

కనుక నేడు చట్టం దుకాణాన్ని చేరే దారి ఈ చిన్న సంస్థల మీదుగానే సాగుతున్నది. ఈ వాస్తవం పాలకుల లెక్కలో ఉన్నట్లు కానరాదు. 2017 నవంబరు 10న జి.ఎస్.టి. మండలి గౌహతిలో తగ్గించిన రేట్లు అయిదు రోజులకే అమలులోకి వచ్చాయి. 2025 సెప్టెంబరు 3 నాటి నిర్ణయాలకు 22వ తేదీని ముహూర్తంగా నిర్ణయించారు. 33 ప్రాణరక్షక ఔషధాలపై పన్ను పూర్తిగా తొలగింది. 12 శాతం పరిధిలోని మిగిలిన మందులపై 5 శాతానికి దిగింది. రోగులకు అది ఊరటే. కాని బీరువాలోని సరుకుపై పాత ధర ముద్రించి ఉండగానే, తెల్లవారేసరికి ప్రతి బిల్లూ కొత్త లెక్కతో రావాలి. సాఫ్ట్‌వేర్ మార్పు ఒక్కరోజు ఆలస్యమైనా నష్టపోయేది రోగి, నింద మోసేది వర్తకుడు.

పన్ను తగ్గింపును వాయిదా వేయమని ఎవరూ కోరరు. వస్తువుల సంకేతాలు, కొత్త రేట్ల పట్టిక, బిల్లు నమూనా నిర్ణయం వెలువడిన నాడే కంప్యూటర్‌కు ఎక్కించదగిన రూపంలో అందరికీ అందించడం ప్రభుత్వానికి అసాధ్యమేమీ కాదు. నిబంధనలు రచించే దశలోనే మహాసంస్థలతోపాటు ఈ చిన్న తయారీదారులనూ సంప్రదించడం విజ్ఞత.

సంస్థలకూ బాధ్యత ఉంది. వారసుడు మరో వృత్తిలోకి మళ్లితే కుటుంబ సంస్థ మూతపడవచ్చు. దుకాణదారుల ఏళ్ల తరబడి పద్దులు దానితో సమాధి కారాదు. వాటిని మరో సాఫ్ట్‌వేర్‌లోకి తరలించుకొనే సౌకర్యం ఒప్పందంలోనే ఉండాలి. దొంగ కాపీతో సరిపెట్టుకునే వర్తకునికి మార్పుల వేళ ఆసరా ఉండదు. పద్దు వర్తకుని సొత్తు. చట్టమైనా, సాఫ్ట్‌వేర్ అయినా దానికి రక్షణగా నిలవాలే తప్ప ప్రతిబంధకం కారాదు.