ఎనిమిది కిలోల గడ్డ ఎవరికి గొప్ప?

పోస్టు పొడుగు, ఓపిక చేసుకొని చదవండి.

మొన్న గ్రూపులో మళ్లీ ఒక పేపర్ కటింగ్ వచ్చింది. ఇట్టాంటి కటింగుల్లో హెడ్డింగు ఎప్పుడూ ఒకటే: గిరిజన మహిళ, భారీ కణితి, అరుదైన శస్త్రచికిత్స. ట్రేలో గడ్డ, వెనక వరసగా డాక్టర్లు, మంచం మీద చెయ్యెత్తి దండం పెడుతున్న మనామె. కింద మనోళ్లందరూ దండాల బొమ్మలు పెట్టారు. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని ఒకన్న పర్సనల్‌గా అడిగాడు. అందరికీ కలిపి ఇక్కడే చెప్తా.

ముందు ఒక మాట. ఆపరేషన్ చేసిన చేతుల్ని నేను తక్కువ చెయ్యడం లేదు. నేను నర్సింగ్ మూడో సంవత్సరం. అంత గడ్డ ఉన్న మనిషి వెల్లకిలా పడుకుంటే చాలు, ఆ బరువు వెన్నుముక పక్కనుండే పెద్ద రక్తనాళం మీద పడి బీపీ దిగిపోతుంది. అందుకే ఒక పక్కకి వొరిగించి మత్తు ఇస్తారు. గడ్డ బయటకి తీసిన నిమిషంలో మళ్లీ బీపీ పడొచ్చు. లోపల క్యాన్సర్ ఉంటే గడ్డ పగిలి నీళ్లు కడుపులో చిందకూడదు, అందుకని పొడుగ్గా కోసి, చిట్లకుండా మొత్తంగా తియ్యాలి. పేగులు అంటుకొని ఉంటే ఇంకా కష్టం. ఇదంతా చేసిన మత్తు డాక్టరుకి, సర్జనుకి, థియేటర్లో నిలబడిన నర్సుకి నా దండం కూడా ఉంది.

నా గొడవ ఆ "అరుదైన" అనే మాటతో.

కడుపు నిండా పెరిగే ఇట్టాంటి గడ్డల్లో చాలావరకు అండాశయంలో పుట్టేవే. మ్యూసినస్ సిస్టడినోమా అని ఒకటుంది, లోపల జిగట నీళ్లతో తిత్తిలా పెరుగుతుంది. ఎక్కువ మందిలో క్యాన్సర్ కాదు. అండాశయం గడ్డలు ఏ జిల్లాకీ కొత్త కాదు, మామూలు స్కానింగ్‌లో కనపడతాయి. నిమ్మకాయంత ఉన్నప్పుడు కనపడితే చిన్న రంధ్రాలతో తీసి, రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. దాని ఫోటో ఎవరూ పేపర్లో వెయ్యరు. అదే గడ్డ ఎనిమిది కిలోలైతే వార్త. అంటే అరుదైంది రోగం కాదు, అంత సైజు. ఆ సైజు రోగం ఒక్కటే పెంచలేదు. ఎవరూ చెయ్యి పెట్టి చూడని నెలలు పెంచినాయి.

ఎనిమిది కిలోలని గాల్లో చెప్పడం లేదు. మా మేనత్తది ఎనిమిది కిలోలు. సముద్రం పక్క మండలం మాది. అత్తా మామా రొయ్యల గుంటల మీద కాపలా. కడుపు ఉబ్బతా ఉందని మొదటిసారి పోతే గ్యాస్ అని బిళ్లలిచ్చారు. రెండోసారి రక్తం తక్కువని ఐరన్ బిళ్లలు. మూడోసారి ఇంకోచోట ఒకాయన నవ్వి, కడుపుతో ఉన్నావేమో చూసుకోమన్నాడంట. అత్తకి అప్పుడు నలభై ఎనిమిదేళ్లు. ఆ మాటతో మళ్లీ ఆసుపత్రి మెట్టెక్కలేదు. ఈ మూడుసార్లలో ఒక్కసారి కూడా ఆమెను బల్ల మీద పడుకోబెట్టి కడుపు నొక్కి చూడలేదు.

ఆ తర్వాత గుంట ఆసామి దగ్గర తీసుకున్న అడ్వాన్సు. పంట పట్టేదాకా కదలడానికి లేదు. చివరికి స్కానింగ్ తీసి పెద్దాసుపత్రికి రాస్తే, కార్డుకి ఆధార్ లేదు. వేలిముద్రలు పడవు, పుట్టిన తేదీ కాగితం లేదు. దాని చుట్టూ తిరగడానికి ఇంకో నాలుగు నెలలు. ఆరోగ్యశ్రీ వచ్చింది 2007లో. ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. ఆపరేషన్‌కి డబ్బు ఉంది, కాదనను. ఆ బల్ల దాకా మా అత్త చేరడానికే మూడేళ్లు పట్టింది. పేపరోళ్లు ఆ మూడేళ్లు వెయ్యలేదు, ఆపరేషన్ పట్టిన మూడు గంటలు మాత్రం వేశారు. కటింగ్ చదివి వినిపిస్తే అత్త అడిగింది: "నా పేరు ఏసినారు గదా పాపా, గ్యాసు బిళ్లలిచ్చినోళ్ల పేరు యాడుండాది?"

క్లాసులో ఒక సంగతి విన్నా. 1809లో అమెరికాలో కెంటకీ అనే చోట జేన్ క్రాఫర్డ్ అనే ఆమెకి కడుపు ఉబ్బితే, కవలలు అనుకున్నారు. ఎఫ్రాయిమ్ మెక్‌డోవెల్ అనే డాక్టరు దాదాపు వంద కిలోమీటర్లు గుర్రం మీద ఆమె ఇంటికి పోయి, స్వయంగా పరీక్ష చేసి, ఇది కాన్పు కాదు గడ్డ అని తేల్చాడు. ఆమె మళ్లీ అదే దూరం గుర్రమెక్కి ఆయన ఊరికి వచ్చింది. మత్తుమందు ఇంకా కనిపెట్టని కాలం. సుమారు పది కిలోల గడ్డ తీశాడు. ఆమె ఇంకో ముప్పై ఏళ్లకు పైనే బతికింది. అది నిజంగా అరుదైన ఆపరేషన్, అప్పటిదాకా అట్టాంటిది చేసి బతికించినోళ్లు లేరు. ఇన్నేళ్ల తర్వాత, స్కానింగ్ ఉండి, రోడ్డు ఉండి, 108 ఉండి, దాదాపు అంతే బరువు గడ్డ మన ఆడోళ్ల కడుపులో దొరకతా ఉంటే చప్పట్లు దేనికి?

"మీవాళ్లే రారు, తాయెత్తులు కట్టించుకుంటారు" అంటారు. మా అత్త కూడా కట్టించుకుంది, దాచను. కానీ ఎప్పుడు? మూడుసార్లు తిప్పి పంపాక. ఇంకో సంగతి, ఒకప్పుడు పాము కరిస్తే, తేలు కుడితే చుట్టుపక్కల ఊళ్లోళ్లు ఆకు మందుకి యానాదోళ్ల గుడిసెకే వచ్చేవాళ్లు. వైద్యం అంటే తెలియని జాతి కాదు మనది. నెల్లూరు జిల్లా జనాభాలో దాదాపు పదో వంతు ఎస్టీలం, అందులో ఎక్కువ మంది యానాదులమే. ఇంతమంది ఉండీ ఓపీలో మనల్ని ఎట్టా నిలబెడతారో ఈ గ్రూపులో ఉన్నోళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఇంక నిజంగా అరుదైన గడ్డల సంగతి. వాటికి ఎనిమిది కిలోలు పెరిగే టైము ఉండదు. రెటినోబ్లాస్టోమా అని చిన్నపిల్లల కంట్లో వచ్చే క్యాన్సర్. పుట్టే 15 వేల నుంచి 20 వేల మందిలో ఒకరికి వస్తుంది, ఎక్కువగా ఐదేళ్ల లోపే. కంటిపాప నడిమధ్య తెల్లగా మెరుస్తుంది, రాత్రిపూట పిల్లి కన్ను మెరిసినట్టు. ఫోను ఫ్లాషుతో ఫోటో తీస్తే ఒక కన్ను ఎర్రగా, ఒక కన్ను తెల్లగా పడొచ్చు. మెల్లకన్ను కూడా దీనికి గుర్తు కావచ్చు. తొందరగా పట్టుకుంటే బిడ్డ బతకతాది, చాలాసార్లు కన్ను కూడా దక్కతాది. ఆలస్యమైతే కన్ను తీసెయ్యాలి. ఇంకా ఆలస్యమైతే మెదడుకి పాకుతుంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్‌లో, చెన్నై శంకర నేత్రాలయలో వైద్యం ఉంది. చెన్నై మనకి రైల్లో మూడు నాలుగు గంటలు. అది తెలియక కాలనీలోనే పోయిన బిడ్డకి ఏ పేపర్లోనూ హెడ్డింగు రాదు. కాబట్టి మీ ఫోన్లలో ఉన్న కాలనీ పిల్లల ఫోటోలు ఒకసారి తీసి చూడండి. ఈ పోస్టులో మిగతాది మర్చిపోయినా సరే.

ఆ ట్రే ఫోటోల గురించి కూడా. అనుమతి లేకుండా, ఎవరో గుర్తుపట్టేలా పేషెంటు ఫోటో డాక్టర్లు ప్రచురించకూడదని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల్లోనే ఉంది. మా అత్తని ఎవరూ అడగలేదు. అడిగినా, ప్రాణం పోసినోళ్లకి వద్దని ఎట్టా చెప్తది? మనమన్నా అట్టాంటి ఫోటో ఫార్వర్డ్ చెయ్యడం ఆపుదాం.

నేను అడిగేది ఎక్కువేం కాదు. గడ్డ బరువు వేసే ప్రతి వార్తలో ఆమె మొదటిసారి ఏ నెలలో ఆసుపత్రికి పోయింది, ఎన్నిసార్లు తిప్పి పంపారు అనేది కూడా వెయ్యాలి. మండలానికొక స్కానింగ్ రోజు ఉండాలి, ఆధార్ లేదని ఆ రోజు ఎవరినీ వెనక్కి పంపకూడదు. ఐటీడీఏకి అర్జీ రాస్తున్నా. జువ్వలదిన్నె నుంచి తూపిలిపాళెం దాకా మీ కాలనీల్లో కడుపు ఉబ్బి, గ్యాస్ బిళ్లలతో నెట్టుకొస్తున్న ఆడోళ్లు ఎవరన్నా ఉంటే కామెంటులో మండలం పేరు మాత్రం పెట్టండి. మనిషి పేరు వద్దు, ఫోటో అసలే వద్దు. మిగతాది నేను ఫోన్ చేసి కనుక్కుంటా.