పని వేగానికి కొలబద్ద

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నివసించే మాకు కోర్బా వైపు నుండి వచ్చే బొగ్గు రైళ్ళు నిత్యదర్శనీయాలు. గూడ్సు బండి కొంతదూరం వడిగా పరుగెత్తి, ఔటర్ సిగ్నల్ వద్ద గంటలకొద్దీ నిలిచిపోవచ్చును. అది గమ్యం ఎప్పుడు చేరునో చెప్పుటకు ఇంజనులోని స్పీడోమీటరు చాలదు. నిలిచిన కాలాన్ని కూడా కలుపుకొన్న సగటు వేగం కావాలి.

సాఫ్ట్‌వేర్ పనులలో ‘వెలాసిటీ’ అటువంటిదే. 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది నిపుణులు వెలువరించిన ప్రకటనతో ‘అజైల్’ అనే పేరు స్థిరపడింది. ఈ విధానంలో పనిని ‘స్ప్రింట్’ అనే చిన్న గడువులుగా, సాధారణంగా రెండేసి వారాలుగా, విభజిస్తారు. ప్రతి పని బరువునూ బృందమే చర్చించి పాయింట్లలో నిర్ణయిస్తుంది. గడువు ముగిసేనాటికి సంపూర్ణంగా పూర్తయిన పనుల పాయింట్ల మొత్తమే వెలాసిటీ. తొంభై శాతం అయిన పనికి సున్నాయే. ఔటర్‌లో నిలిచిన బండిని స్టేషను చేరినట్లు వ్రాయము కదా!

మూడు గడువులలో 18, 24, 21 పాయింట్లు వచ్చాయనుకుందాం. సగటు 21. మిగిలిన పని 126 పాయింట్లైతే ఆరు గడువులు, అనగా పన్నెండు వారాలు పడుతుంది. వేగం 18కి తగ్గితే పద్నాలుగు వారాలు. ఈ రెండు అంకెలనూ ముందే చెప్పుట నిజాయితీ.

ఇక మేము చేసిన పొరపాటు. కొన్నేళ్ళ క్రితం ఒక కార్యాలయంలో స్టోర్సు లెక్కల కంప్యూటరీకరణ జరుగుతుండగా, రెండు బృందాల వెలాసిటీలను నోటీసు బోర్డుపై పక్కపక్కన వ్రాయించాము. ఆ ఆలోచన మాదే. రెండు నెలలలో అంకెలు రెట్టింపైనాయి. నిన్నటి మూడు పాయింట్ల పని నేడు ఐదు పాయింట్లయింది; పరీక్షలు కుదించబడ్డాయి. కంప్యూటరు తప్పు నిల్వలు చూపగా, స్టోర్సు గుమాస్తా రాత్రి తొమ్మిది వరకు పాత లెడ్జరుతో సరిచూచుకొనవలసి వచ్చింది. మేము నిలదీయగా ఒక యువ ఇంజనీరు, “మీరు పాయింట్లు అడిగారు సార్, ఇచ్చాము” అన్నాడు. మావద్ద సమాధానం లేకపోయింది.

కొలతను లక్ష్యంగా మార్చిన యెడల అది కొలతగా పనికిరాదు. బ్రిటిష్ ఆర్థికవేత్త ఛార్లెస్ గుడ్‌హార్ట్ 1975లోనే ఈ ప్రమాదాన్ని గుర్తించాడు. ఒక బృందపు పాయింటు వేరొక బృందపు పాయింటుతో సమానం కానేరదు. వెలాసిటీ ముందుచూపునకే గాని మందలింపునకు కాదు.

ఆ బోర్డును మరునాడే తీయించాము. ఆ గుమాస్తాకు క్షమాపణ కూడా చెప్పాము. ఇటువంటి అనుభవాలు గల సహోద్యోగులు మాకు వ్రాయగలరని ఆశిస్తున్నాము.